ఆ గవ్వను చేతిలోకి తీసుకోనివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

బీచ్‌లలో 'లోతుకు వెళ్లొద్దు' అని బోర్డులు పెడతారు. ఒడ్డున దొరికే గవ్వల గురించి మాత్రం ఒక్క ముక్క కూడా ఉండదు. ఈమధ్య ఏడెనిమిదేళ్ల బాబు ఒకడు, నీళ్లు వెనక్కి తగ్గాక రాళ్ల సందులో దొరికిన గవ్వను జేబులో వేసుకోబోతుంటే చూశాను. బంగారు రంగు మీద తెల్లటి ముక్కోణాలు, చేప పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి. నడుమ సన్నటి గోధుమరంగు గీతలు. ఎవరో తీరిగ్గా కూర్చుని అద్దకం వేసినట్టుంది. సన్నటి కొసలోంచి మెత్తటి గొట్టం ఒకటి బయటికి వచ్చి మెల్లగా కదులుతోంది. 'కింద పడెయ్ నాన్నా!' అని గట్టిగా అరిచేశాను. వాడు బెదిరిపోయి వదిలేశాడు. వాళ్లమ్మకి నా మీద కోపం వచ్చింది. ఆమెను తప్పుపట్టను, ఆమెకి ఎవరు చెప్పారు గనక?

అది టెక్స్‌టైల్ కోన్ అనే విషపు నత్త. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చటి నీళ్లలో ఉంటుంది, తోటి నత్తలనే వేటాడి తింటుంది. దాని పన్ను బోలుగా ఉండే సూది లాంటిది. దాన్ని ఈటెలా గుచ్చి విషం ఎక్కిస్తుంది. దీని దగ్గరి బంధువు జియోగ్రఫీ కోన్ అయితే మనుషుల ప్రాణాలే తీసింది. వెడల్పాటి వైపు పట్టుకుంటే ఏమీ కాదని కొందరు ధైర్యం చెబుతుంటారు. అది నమ్మొద్దు, దాని తొండం అటువైపుకీ సాగుతుంది. కుట్టినప్పుడు ఒక్కోసారి పెద్దగా నొప్పి కూడా ఉండదు. తర్వాత తిమ్మిరి ఎక్కి, చూపు మసకబారి, చివరికి ఊపిరి ఆడదు. దీనికి విరుగుడు మందు లేదు. విషం దిగేదాకా ఆస్పత్రిలో శ్వాస అందిస్తూ కాపాడుకోవాల్సిందే.

ఇదంతా రాస్తున్నది ఆ నత్తల్ని చంపమని కాదు. కోనస్ మాగస్ అనే మరో కోన్ నత్త విషంలోని పదార్థం ఆధారంగానే జికోనోటైడ్ అనే నొప్పి మందు తయారైంది. 2004లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఏ మందుకూ లొంగని నొప్పితో బాధపడేవాళ్లకి దాన్ని వెన్నులోకి ఎక్కిస్తారు.

కోన్ నత్తలు ఉండే ప్రతి బీచ్‌లోనూ వాటి రంగుల ఫొటోతో బోర్డు పెట్టాలని అధికారులను కోరుతున్నాను. 'ప్రాణంతో ఉన్న గవ్వను ముట్టుకోవద్దు. కుట్టిందని అనుమానం వస్తే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి' అని దానిమీద రాయించాలి. బోర్డు పిల్లల కంటికి ఆనేంత ఎత్తులోనే ఉండాలి.

- ఒక పాఠకురాలు