మా ఇంటి ర్యాంపూ, నా కొత్త కారు క్లచ్చూ

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే మామా,

మొన్న ఫోన్లో "కారెలా ఉందిరా" అని అడిగితే "సూపర్‌గా ఉంది, సర్వీసింగ్‌కి ఇచ్చా" అన్నాను చూడు, అందులో సగం అబద్ధం. అప్పుడు సర్వీస్ సెంటర్లో ఉన్న మాట నిజమే కానీ సర్వీసింగ్‌కి కాదు. క్లచ్ పోయింది. ఏడు నెలల బండికి, 6,400 కిలోమీటర్లకి. మన హాస్టల్ బ్యాచ్ గ్రూపులో ఈ ముక్క పడిందంటే నా బతుకేమవుతుందో నీకు తెలుసు, ఎస్వీ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినోడికి క్లచ్ కాలిపోవడమేంట్రా అని సంక్రాంతి దాకా నన్నే నంజుకుంటారు. నీకూ చెప్పేవాణ్ని కాదు. కానీ నువ్వు అలాంటి కారే, అదీ మాన్యువలే, బుక్ చేస్తానన్నావు కాబట్టి చెప్పక తప్పడం లేదు. ఫోన్లో చెబితే మధ్యలో నవ్వుతావు, అందుకే రాస్తున్నా.

మొదట తేడా తెలిసింది చిత్తూరు పోతుంటే. చంద్రగిరి దాటాక రోడ్డు ఖాళీగా ఉంది, ఆరో గేర్లో 80లో పోతున్నా, ముందు ఒక టమాటా లారీ. దాటేద్దామని గట్టిగా నొక్కా. 150 పైచిలుకు హార్స్‌పవర్, 250 దాటిన టార్క్, అదే తిప్పే బలం, నొక్కితే వీపు సీటుకి అతుక్కోవాలి కదా. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు 2,000 నుంచి 3,500కి ఒక్క గెంతు గెంతింది, స్పీడు మాత్రం 80 దగ్గరే ఉంది. ఇంజన్ అరుస్తోంది, బండి పండక్కి అలిగిన కొత్తల్లుడిలా కదలదు. టర్బో పోయిందేమో అనుకున్నా, పెట్రోల్లో నీళ్లు కలిశాయేమో అనుకున్నా, సెన్సార్ అనుకున్నా, అన్నిటినీ అనుమానించా కానీ క్లచ్‌ని మాత్రం అనుమానించలేదు, ఎందుకంటే కొత్త బండి. మూడో గేర్లో వేస్తే మామూలుగానే లాగింది, దాంతో ఇంకా అయోమయం. వెనక సీట్లోంచి మా ఆవిడ "ఏదో కాలుతున్న వాసన" అంది. పొలాల్లో ఎవరో చెత్త తగలబెట్టుంటారులే అని అద్దాలు ఎక్కించా. వాసన లోపలే ఉంది.

వచ్చాక ఇంటి దగ్గర ఖాళీ రోడ్డు మీద నాకు నేనే పరీక్ష పెట్టుకున్నా. నువ్వు కూడా గుర్తుపెట్టుకో, సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడైనా పనికొస్తుంది. నాలుగో గేరో ఐదో గేరో వేసి, 2,000 దగ్గర ఒక్కసారి పూర్తిగా నొక్కు. ముల్లూ స్పీడూ కలిసి లేస్తే క్లచ్ బాగున్నట్టు. ముల్లు ముందు పరిగెత్తి స్పీడు వెనకపడితే ప్లేటు, అదే ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే క్లచ్ బిళ్ల, జారుతున్నట్టు. చిన్న గేర్లలో తెలీదు, బండి తేలిగ్గా ముందుకి దూకేస్తుంది కాబట్టి క్లచ్ మీద ఆ ఒత్తిడి ఎక్కువసేపు నిలవదు. పెద్ద గేర్లో బండి బరువంతా ఎదురు నిలబడుతుంది, అప్పుడు దొంగ బయటపడతాడు.

సర్వీస్ సెంటర్ సంగతి పొడుగ్గా రాయను, రాస్తే మళ్లీ బీపీ వస్తుంది. చేతిలో ట్యాబ్ పెట్టుకున్న ఒక కుర్రాడు, మన పిల్లల వయసే, బండి ఒక రౌండు తిప్పొచ్చి "డ్రైవింగ్ స్టైల్ సార్" అన్నాడు. ఆ మాట వాళ్లకి ట్రైనింగ్‌లో నేర్పిస్తారనుకుంటా. క్లచ్ అరిగే వస్తువు కాబట్టి వారంటీలోకి రాదట, బ్రేక్ ప్యాడ్లూ వైపర్లూ లాగానే. ప్లేటూ ప్రెషర్ ప్లేటూ బేరింగూ లేబరూ కలిపి ఎస్టిమేట్ 46 వేలు, ప్లేటు అతుక్కునే ఇంజన్ చక్రం, అదే ఫ్లైవీల్, అది కూడా పోయుంటే దాని ఖర్చు వేరే. "రేస్ చేస్తారా సార్?" అని నవ్వుతూ అడిగాడు. నలభై తొమ్మిదేళ్లు వచ్చాయిరా నాకు, మోకాలికి ఆయిల్మెంట్ రాసుకుని పడుకునేవాణ్ని, నేను రేస్ చేస్తానా? మూడు రోజులు మెయిళ్లు పెట్టా, అరిచా, ఆఖరికి ఒక్క షరతు పెట్టా. గేర్‌బాక్స్ నా కళ్ల ముందు దించాలి, ప్లేటు నా చేతికివ్వాలి.

దించారు. ఆ పావుగంట నేను ఏం కోరుకున్నానో చెప్పనా? ఆయిల్ కనపడాలని. ఇంజన్ వెనక సీలు లీకై ప్లేటు మీద ఆయిల్ పడి జారిందని తేలితే తప్పు కంపెనీది, డబ్బులు వాళ్లవి. లోపల అంచు చుట్టూ వేలు పెట్టి రుద్దా. వేలికి నల్లటి పొడి అంటింది, అంతే. ఎండు పొడి, కాటుకలాగా. ఒక్క చుక్క జిడ్డు లేదు. ప్లేటు మీద ఉండాల్సిన గాడులు ఎక్కడా లేవు, మా నాన్న పాత హవాయి చెప్పు మడమలా నున్నగా అరిగి మెరుస్తోంది, ఒక పక్క రివెట్ల తలలు పైకి తేలి ఫ్లైవీల్ మీద గీతలు గీశాయి. ఫ్లైవీల్ మీద అక్కడక్కడా నీలం మచ్చలు, పొయ్యి మీద ఖాళీగా మాడిన స్టీలు గిన్నెకి వస్తుంది చూడు, నీలం ఊదా కలిసిన రంగు, అచ్చం అదే. ట్యాబ్ కుర్రాడు ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా.

సరే, కాల్చిందెవరు? మొదట మా బావమరిది మీద పడ్డా. దసరాకి రెండు రోజులు తీసుకెళ్లాడు, వాడు సిగ్నల్ దగ్గర కూడా విమానం లేపినట్టు లేపుతాడు. ఫోన్ చేసి నాలుగు మాటలన్నా, వాడు అలిగాడు, ఇంట్లో అది వేరే కథ. తర్వాత కొండ మీద పడ్డా. నెలకోసారి తిరుమల వెళ్తాం, ఘాట్ రోడ్డే తినేసిందని అందరూ అన్నారు. కానీ ఆలోచించు మామా, ఎక్కే రోడ్డు 18 కిలోమీటర్లు, 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదని రూలు, అంటే సగటున 38, 39 స్పీడు, రెండో గేరూ మూడో గేరూ. గేరు పడి పెడల్ పూర్తిగా వదిలేశాక క్లచ్‌కి పనేముంది, ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుని దాంతో పాటే తిరుగుతుంది, ఎంత ఎత్తెక్కినా అరగదు. దిగేది 1944 నాటి పాత రోడ్డు, 36 మలుపులు, అక్కడ పని బ్రేకులదీ ఇంజన్‌దీ. అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో కొంచెం కదిపి ఆపీ ఉంటా, ఏడుసార్లకి ప్లేటు ఖతం అవుతుందా?

దొంగని పట్టించింది రేణిగుంట రోడ్డు షెడ్డాయన. మన పాత మారుతి 800ని పదకొండేళ్లు చూసిన మనిషి, నీకు గుర్తుండాలి, వక్క నములుతూ బోనెట్‌లోకి తల దూర్చి మాట్లాడతాడు. కొత్త క్లచ్ వేయించి బండి తెచ్చిన రోజు సాయంత్రం ఇన్వర్టర్ బ్యాటరీ ఇవ్వడానికి మా ఇంటికొచ్చాడు, సరిగ్గా నేను కారు లోపల పెడుతుంటే. మా వీధి తెలుసు కదా నీకు. రోడ్డు వేసినప్పుడల్లా అరడుగు లేస్తుందని నాన్న ఇల్లు రెండున్నర అడుగుల ఎత్తులో కట్టించారు, మధ్యలో కాలువ, గేటు నుంచి రోడ్డుకి పదడుగుల సిమెంటు ర్యాంపు. దాని మీద నేను రివర్స్‌లో ఎక్కాలి, ఎందుకంటే బండి ముఖం వీధి వైపు ఉండాలని నాన్న పట్టు. కుడి పక్క గేటు స్తంభం, ఎడమ పక్క అమ్మ తులసికోట, ఎదురింటి వాళ్ల స్కూటీ ఎప్పుడూ అడ్డమే. కొత్త బండికి గీత పడకూడదు కదా. కాబట్టి క్లచ్ పెడల్ సగంలో పట్టుకుని, ఇంజన్ కొంచెం రేజ్ చేసి, అంగుళం వెనక్కి, ఆపు, అద్దంలో చూడు, బండి కిందికి జారకుండా క్లచ్ మీదే నిలబెట్టు, ఇంకో అంగుళం. కెమెరా బీప్ బీప్ అంటుంటే ఇంకా భయం. ఆయన గేటు పట్టుకుని చూస్తున్నాడు. నేను దిగాక వక్క ఉమ్మేసి, "సామీ, నీ క్లచ్ రోడ్డు మీద పోలేదు, ఇంటి ముందరే పోయింది" అన్నాడు.

నేను నవ్వా. ఆయన వెళ్లాక నవ్వు ఆగింది. మర్నాడు మా అమ్మాయి చేతికి ఫోనిచ్చి టైము చూడమన్నా. మొత్తం రెండు నిమిషాల పైనే, అందులో క్లచ్ సగంలో ఉన్నది ఒకటిన్నర నిమిషం. రోజుకి రెండుసార్లు, ఏడు నెలలు. లెక్క వేసుకో, పది గంటలు దాటింది! మామూలుగా బండి కదిలించేటప్పుడు ప్లేటు జారేది రెండు సెకన్లు. అంటే మా ర్యాంపు మీద నేను ఏడు నెలల్లో 18 వేల స్టార్టులకి సరిపడా అరగదీశా, గాలి కూడా సరిగా ఆడని డబ్బాలో.

అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నా, డిగ్రీ వచ్చాక మొదటిసారి అనుకుంటా. 1,300 కిలోల బండి, నాలుగడుగులకి అడుగు లేచే వాలు, రివర్స్ గేరు. ఆ బరువుని వాలు మీద ఆపాలంటే క్లచ్ దగ్గర సుమారు 70 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. ఇంజన్ 1,500లో తిరుగుతోంది, ప్లేటుకి రెండో వైపు, అంటే చక్రాల వైపు, దాదాపు నిలబడి ఉంది, ఆ తేడా మొత్తం వేడిగా మారుతుంది. గుణిస్తే పది కిలోవాట్ల పైమాటే. మన బాత్రూం గీజర్ రెండు కిలోవాట్లు. భోజనం పళ్లెమంత ప్లేటు మీద ఐదు గీజర్లు పెట్టా మామా, రోజుకి రెండేసి సార్లు, తులసికోటకి తగలకూడదని.

మరి 800 అదే ర్యాంపు పదకొండేళ్లు ఎక్కిందిగా అంటావు. నేనూ అదే అడిగా. దాని బరువు ఇందులో సగమే. పైగా దాని మీద అప్పటికే వంద గీతలు, నాకు భయం లేదు, ఒక్క ఊపులో ఎక్కించేసేవాణ్ని. ఈ టర్బో ఇంజన్లకి కింద 1,500 లోపు బలం తక్కువ, ఆగిపోతుందేమోనని మనం ఇంకా రేజ్ చేస్తాం, ప్లేటుకి ఇంకా వేడి. వాలులో బండి జారకుండా బ్రేకు పట్టుకునే హిల్ హోల్డ్ ఉందిగా అంటావేమో, అది పట్టుకునేది రెండు సెకన్లు, నాకు ఆ టైములో అద్దం చూడ్డం కూడా పూర్తవదు.

ఇప్పటికీ నాకు ఆ సర్వీస్ సెంటర్ మీద కోపం పోలేదు, అది వేరే సంగతి. తప్పు నాదే, ఒప్పుకున్నా. కానీ "డ్రైవింగ్ స్టైల్" అని ముద్ర వేశారే గానీ, ఒక్కడైనా "బండి ఎక్కడ పెడతారు సార్, ర్యాంపు ఉందా" అని అడిగాడా? మూడో నెల్లో ఫ్రీ సర్వీసుకి ఇచ్చినప్పుడు అడిగుంటే ప్లేటు బతికేది. ఆటోమేటిక్‌లలో ఆ డ్యూయల్ క్లచ్ వాటికి గేర్‌బాక్స్ వేడెక్కితే తెర మీద హెచ్చరిక వస్తుంది, నా కారు తెర మీద పాటగాడి బొమ్మ వస్తుంది, డోరు సరిగా పడకపోతే వస్తుంది, కాలు కింద నిప్పు రాజుకుంటే మాత్రం ఏమీ రాదు. కారుతో పాటిచ్చిన బుక్కులో ఉందట, వాలులో బండిని క్లచ్ మీద నిలపవద్దని. బిల్లు కట్టాక చదివా. మెయిళ్ల పుణ్యమా అని లేబర్ తీసేశారు, ఫ్లైవీల్‌తో కలిపి చివరికి 58 వేలు అయింది.

ఇప్పుడు ముఖం ముందుకి పెట్టే ఎక్కిస్తున్నా. ఫస్ట్ గేరు, రోడ్డు మీద నుంచే కొంచెం ఊపు, పెడల్ పూర్తిగా వదిలేసి, మూడు సెకన్లలో లోపల. పొద్దున రివర్స్‌లో దిగడానికి క్లచ్‌తో పనే లేదు, బ్రేక్ వదిలితే అదే జారుతుంది. తులసికోటని అమ్మ రెండడుగులు పక్కకి జరపనిచ్చింది, ఆ సంగతి నేను అడిగుంటే మొదటి రోజే జరిపేదట, అడగలేదుగా! నాన్న మాత్రం ఇంకా మాట్లాడ్డం లేదు, బండి వీపు వీధికి పెట్టి ఉంచితే ఇంటికి వచ్చినవాళ్లు ఏమనుకుంటారని. ఎదురింటి స్కూటీ ఎక్కడుందో అక్కడే ఉంది. బావమరిదికి సారీ చెప్పా, వాడు దానికి ఒక బిర్యానీ వసూలు చేశాడు.

ఇక నీ సంగతి. మీ బెంగళూరు అపార్టుమెంట్లో పార్కింగ్ రెండో బేస్‌మెంట్లో కదూ? పొద్దున తొమ్మిదికి ఆ ర్యాంపు మీద ఏడెనిమిది కార్లు వరసగా నిలబడి ఉండటం నేను పోయినసారి కళ్లారా చూశా. పైన సెక్యూరిటీ వాడు రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కటే వదులుతాడు, కింద అందరూ హాఫ్ క్లచ్ మీద ఊగుతుంటారు. నువ్వైతే ర్యాంపు కిందనే ఆగు, ముందు బండి పూర్తిగా బయటికి వెళ్లాక ఒకేసారి ఎక్కు, వెనకోడు హారన్ కొడితే కొట్టనీ. మధ్యలో ఆగాల్సొస్తే హ్యాండ్ బ్రేక్ లాగి న్యూట్రల్ చెయ్యి. అంత ఓపిక లేదంటే ఆ కారే ఆటోమేటిక్‌లో తీసుకో, నీ కాలు సంగతి నాకు తెలుసు, నా కాలు కంటే ఏం మెరుగు కాదు.

డెలివరీ తీసుకుని కాణిపాకం పూజకి వస్తానన్నావు కదా, అక్కణ్నుంచి మా ఇంటికి రా. ముందు రోజు ఫోన్ చెయ్యి, అమ్మ ఉలవచారు పెడుతుంది. కారు మాత్రం వీధిలోనే పెట్టు. పాత ప్లేటు అడిగి తెచ్చుకున్నా, హాల్లో టీవీ పక్కన ఉంది, వచ్చినప్పుడు వేలు పెట్టి చూద్దువుగానీ. గ్రూపులో ఫోటో పెట్టావో, చంపేస్తా.

ఇట్లు,
నీ ఇంజనీరు