ఊరు పోయినవాళ్లు వెళ్తున్నది ఎక్కడికి?

సంపాదకులకు నమస్కారం.

వాతావరణం మారిపోయి ఊళ్లు వదలాల్సి వచ్చే జనం వలసల గురించి పోయినవారం మీరు వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. పేద దేశాల జనమంతా ధనిక దేశాల సరిహద్దుల మీద పడతారన్న భయం తప్ప అందులో ఏముంది? ఊరు మునిగినవాళ్లూ, పొలం ఎండినవాళ్లూ ఎక్కువమంది సొంత దేశంలోనే ఏదో ఒక పట్నం చేరుతున్నారు. 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా తమ దేశాల్లోనే చోటు మారాల్సి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లోనే చెప్పింది. దారిఖర్చులకు కూడా లేనివాళ్లు అసలు కదల్లేరు. వాళ్ల గురించి మీరు ఒక్క వాక్యమైనా రాయలేదు.

2022 వరదల్లో పాకిస్తాన్‌లో సుమారు 80 లక్షల మంది ఇళ్లు వదిలారు. అంత పెద్దది కాబట్టి పత్రికల్లోకి ఎక్కింది. మరి ఏటా కొంచెం కొంచెంగా ఉప్పెక్కే పొలం సంగతి? బంగ్లాదేశ్ తీరంలో వరి పండక ఢాకా వెళ్లి రిక్షా తొక్కుకునే మనిషి ఏ విపత్తు లెక్కలోకీ రాడు. పని కోసం వచ్చాడని రాసేసుకుంటారు. వరదొస్తే పొట్లాలు పంచి, ఫొటోలు దిగి, నీళ్లు తీయగానే శిబిరం ఎత్తేసే అధికారులకు ఇలాంటివాళ్లు కంటికి ఆనరు. కూలిన ఇంటికైతే ఎంతో కొంత ఇస్తారు. సముద్రం కోసుకుపోయిన నేల కోసం ఏ ఆఫీసు చుట్టూ తిరగాలి? అక్కడ పట్టా అడుగుతారు, సర్వే చేయాలంటారు. నీళ్లలో ఏం సర్వే చేస్తారు?

దేశం దాటినా దిక్కులేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో వేధింపులకు గురైనవాళ్లకే. సముద్రం తరిమిందంటే అది ఒప్పుకోదు. పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీప దేశం కిరిబాటి పౌరుడొకరు న్యూజిలాండ్‌లో ఆశ్రయం అడిగితే 2015లో వెనక్కి పంపేశారు. ప్రాణానికి ముప్పున్న చోటికి మనుషుల్ని పంపకూడదని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2020లో అన్నది, అంటూనే ఆయన ఫిర్యాదును కొట్టేసింది. అలాంటి మరో చిన్న ద్వీప దేశం తువాలు ప్రజలకు ఆస్ట్రేలియా ఏటా 280 వీసాలు ఇస్తానంది. మంచిదే. మిగతా దేశాల మాటేమిటి?

ఒకప్పుడు పత్రికలు ఊళ్లకు వెళ్లి మనుషుల్ని అడిగి రాసేవి. ఇప్పుడు పెద్ద అంకె, పెద్ద హెడ్డింగు ఉంటే చాలనుకుంటున్నారు. వాతావరణ మార్పుతో నష్టపోయిన దేశాల కోసం నిధి పెడతామని 2022లో ఈజిప్టులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో అందరూ ఒప్పుకున్నారు. అందులో ఎవరు ఎంత వేశారో, ఇల్లూ పొలమూ పోయినవాళ్ల చేతికి ఎంత చేరిందో మీ విలేకరులు కనుక్కుని వరుసగా రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు