అమ్మ మ్యూజియంలో నోరు విప్పిన రోజు

అరే జిలేబీ,

ఆలస్యమైంది, తిట్టుకో, కానీ మొత్తం చదివాక తిట్టుకో. వాయిస్ నోట్ పెడదామనుకున్నా గానీ నువ్వు స్పీడు పెంచి వింటావు, అసలు ముక్క వచ్చేసరికి గురక పెడతావు, అందుకే కూర్చుని రాస్తున్నా. ముందు క్షేమ సమాచారాలు గబగబా: అక్కకు పాప, ఇద్దరూ బాగున్నారు, మేం ముగ్గురం అమెరికా నుంచి హన్మకొండ వచ్చి పడ్డాం, బాపు మోకాలు అట్లనే ఉంది, ఆ ఐదు వందల సంగతి నేను ఎత్తను నువ్వూ ఎత్తకు. అయిపోయింది. ఇప్పుడు అసలు కథ.

అక్కడ ఉన్నన్నాళ్ళూ బాపుకు ఒకటే బోరు. పలకరిద్దామంటే రోడ్డు మీద మనిషి కనపడడు. చూసీ చూసీ బావ జాలిపడి, "మామా, మ్యూజియంలో కుర్చీల ఎగ్జిబిషన్ ఉందట, పోదామా" అన్నాడు. కుర్చీలు చూడటానికి టికెట్టా, కాశీబుగ్గలో మా షెడ్డుకు వస్తే ఊరికే చూపిస్తాగా అని బాపు. సణుగుతూనే అందరికంటే ముందు చెప్పులేసుకున్నాడు. అక్క దగ్గర వాళ్ళత్తగారు ఉన్నారని అమ్మ కూడా బయలుదేరింది.

ఆ ఎగ్జిబిషన్ చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే మొగుడూపెళ్ళాలది. ఆయన ఆర్కిటెక్చర్ నుంచి వచ్చాడు, ఆమె న్యూయార్క్‌లో హాన్స్ హాఫ్‌మన్ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకుంది. 1941లో పెళ్ళి చేసుకుని లాస్ ఏంజిలిస్ వెళ్ళారు. పెళ్ళికి ముందు ఆయన ఆమెకు రాసిన ఉత్తరం ఉంది చూడు, నీకోసమే చెప్తున్నా. నాకు దాదాపు 34 ఏళ్ళు, మళ్ళీ ఒంటరివాణ్ణయ్యాను, చేతిలో పైసా లేదు, నువ్వంటే చాలా ఇష్టం, తొందరగా పెళ్ళి చేసుకుందాం అని రాసి, కింద చెయ్యి బొమ్మ గీసి ఉంగరం వేలి సైజు అడిగాడు. అంతే! నువ్వు పెళ్ళిచూపుల్లో ప్యాకేజీ గురించి అరగంట చెప్పి ఏం సాధించావురా?

సరే, ప్లైవుడ్ దగ్గరికి వస్తా. బాపుకు మొదట పూనకం వచ్చింది అక్కడే. వీళ్ళకు ప్లైవుడ్‌ను ఒక పక్కకే కాదు, గిన్నెలాగా అన్ని పక్కలకూ వంచాలని పిచ్చి. పగలు ఆయన ఎంజీఎం సినిమా స్టూడియోలో పని చేసేవాడు, అక్కడి నుంచి చెక్క పొరలు, జిగురు దొంగచాటుగా తెచ్చేవాడు, రాత్రి ఇద్దరూ అద్దె ఇంట్లోనే ఒక యంత్రం కట్టి, పొరలకు జిగురు రాసి పేర్చి, వేడి పెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టి అచ్చుకు నొక్కేవాళ్ళు. దానికి 'కజామ్' యంత్రం అని పేరు. సైకిల్ పంపు అన్నానా? నువ్వు గుర్తొచ్చి నవ్వుకున్నా, పక్కవాళ్ళు చూశారు. ఆ యంత్రానికి కరెంటు చాలక ఆయన స్తంభం ఎక్కి తీగ తగిలించాడని కూడా చెప్తారట. బాపు మొహం వెలిగిపోయింది. "కొక్కెం కరెంటు! మనోడే" అన్నాడు. ఇక అప్పటి నుంచి ఈమ్స్ మా చుట్టం.

అదే పద్ధతిలో రెండో ప్రపంచ యుద్ధం టైములో విరిగిన కాళ్ళకు కట్టే బద్దలు చేసి అమెరికా నేవీకి ఇచ్చారు. ఇనుప బద్దలైతే మోసుకెళ్ళేటప్పుడు అదిరి గాయం ఎక్కువయ్యేదట. సుమారు 1,50,000 చేశారు. తర్వాత కుర్చీలు. సీటూ వీపూ ఒకే ముక్కలో చేద్దామంటే వంపు దగ్గర చీలిపోతోందని రెండు ముక్కలు చేసి, మధ్యలో రబ్బరు బిళ్ళలు పెట్టి అతికించారు. కూర్చునే పక్క ఒక్క స్క్రూ కనపడదు. బాపు నమ్మలేదు. ఆ మోకాలితోనే నేల మీద కూర్చుని, మెడ వంచి కుర్చీ కిందకు చూడబోయాడు, గార్డు పరుగెత్తుకొచ్చాడు. బావ సారీలు చెప్తుంటే బాపు నాతో, "తాకుతలేనని చెప్పు, నేనూ ఇదే పని చేస్తానని చెప్పు" అంటాడు. చెప్పా. గార్డు నవ్వి, అవతలి పక్క నుంచి ఇంకా బాగా కనపడుతుందని చూపించాడు.

అమ్మ ఇంతసేపూ ఒక్క మాట లేదు. నీకు తెలుసుగా, షెడ్డులో పాలిష్ రంగు కలిపేది ఆమే, పార్టీ వచ్చి ఏ సన్‌మైకా బాగుంటుందంటే చెప్పేది ఆమే, బోర్డు మీద ఉండేది బాపు పేరు. 1946లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం ఈ కుర్చీలతో ఎగ్జిబిషన్ పెడితే దాని పేరులో చార్లెస్ ఒక్కడే ఉన్నాడు. అది చదివి చెప్పా. ఊ అంది. 1956లో టీవీలో కొత్త లాంజ్ చెయిర్ చూపించిన వీడియో నడుస్తోంది, యాంకరమ్మ ముందు ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడి, ప్రతి గొప్పవాడి వెనక అన్న పాత మాట అందుకుని అప్పుడు రేని పిలిచింది. దానికీ ఊ అంది. 1949లో వాళ్ళు కట్టుకున్న ఇంటి ఫొటోల దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. ఫ్యాక్టరీలో దొరికే ఇనుప దూలాలు, కిటికీలతో కట్టిన డబ్బా లాంటి ఇల్లే, కానీ లోపల బొమ్మలు, గవ్వలు, గుడ్డలు, పూలు, బతుకమ్మ పేర్చినట్టు ఏది ఎక్కడుండాలో అక్కడే ఉంది. "ఇదంతా ఆమె చెయ్యే" అంది అమ్మ. ఎవరూ చెప్పకుండానే.

ఇక చెంబు. నిజంగా మన చెంబే! 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే ఇద్దరూ వచ్చి, దేశం తిరిగి, ఒక రిపోర్టు రాశారు, దాని ఫలితమే అహ్మదాబాద్‌లో 1961లో వచ్చిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్. ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలో గొప్పది, అందమైనది బహుశా చెంబే అని అందులో రాశారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, తల మీద మోస్తారా చంకనా చేత్తోనా, నిండితే తూకం ఎట్లా, ఖాళీ అయితే ఎట్లా, రాయి మీద పెడితే చప్పుడు ఎట్లా, లోపల తోమడానికి మూతి చాలుతుందా, పాతబడితే తిరిగి ఎంతొస్తుంది, ఇట్లా పేజీ నిండా. ఒక్కరు చేసింది కాదు, తరతరాలుగా ఎందరో చేస్తే తయారైందని చివర్లో.

నేను తెలుగులో చెప్పుకుంటూ పోతున్నా. అమ్మ ఒక్కసారి, "ఆ ఎందరో ఎవరో రాసిండ్రా?" అంది. లేదన్నా. అంతే, మొదలుపెట్టింది. పక్కన వివరాలు చెప్పే పెద్దావిడ ఉంది, ఆమెకు చెప్పమని నన్ను ముందుకు తోసింది. మా అమ్మమ్మ వాళ్ళది పెంబర్తి అని తెలుసుగా. తాత ఇత్తడి రేకు కొట్టేవాడు. కొట్టినవన్నీ చింతపండుతో తోమి, గంపలో పెట్టుకుని జనగామ సంతకు పోయేది అమ్మమ్మ. కొన్న ఆడవాళ్ళు ఏమన్నారో మోసుకొచ్చేది కూడా ఆమే. మెడ ఇరుకైంది, తోమడానికి చెయ్యి పోతలేదట. అంచు మొద్దుగా ఉంది, ధార వంకరగా పడుతోందట. తాత అరిచేవాడట, నీకేం తెలుసని. మర్నాడు మెడ వెడల్పు చేసేవాడట. "మా నాయిన చెంబు అని జిల్లా అంతా పేరు. మా అమ్మ పేరు ఎవరికి ఎరుక?" అంది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు నా గొంతు సరిగ్గా రాలేదురా. బాపు కుర్చీ వైపు చూస్తున్నట్టు నటించాడు.

తర్వాత అమ్మే, "ఇందులో ఆమె రాసిందేది, ఆయన రాసిందేది, అడుగు" అంది. విడదీసి చెప్పలేం, రిపోర్టు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయని ఆవిడ జవాబు. "అట్లుంటే మంచిదే" అంది అమ్మ. ఆవిడ పెంబర్తి స్పెల్లింగు అడిగి రాసుకుంది!

కారులో ఇంకొకటి చెప్పా, చార్లెస్ 1978 ఆగస్టు 21న పోయాడు, రే సరిగ్గా పదేళ్ళకు, 1988లో, అదే తారీఖున. ఆ పదేళ్ళూ ఎక్కువగా ఇద్దరి పనినీ వరసలో పెట్టడంతోనే గడిపింది, అందులో చాలా భాగం ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే పెద్ద గ్రంథాలయంలో ఉంది. అమ్మ కిటికీలోంచి చూస్తూ, మా అమ్మ కూడా ఆ సుత్తులు ఎవ్వరికీ ఇయ్యలేదు అంది. తాత పోయాక వాటిని అమ్మమ్మ ఏం చేసిందంటే... వద్దులే, అది ఫోన్లో చెప్తా, రాస్తే బాగుండదు.

ఇప్పుడు ఇంట్లో పరిస్థితి ఏమిటంటే, అమ్మ నన్ను పెంబర్తి తీసుకుపొమ్మంటోంది, అక్కడ మిగిలిన ముసలమ్మలను అడిగి ఎవరెవరు ఏమేం చేసేవాళ్ళో రాయమంటోంది. పుస్తకం కూడా కొనిపెట్టింది. నువ్వూ రావాలి, బండి నీదే. బోర్డు విషయం మాత్రం బాపు ఎత్తడం లేదు, అమ్మా ఎత్తడం లేదు, నాకే టెన్షన్. బదులు ఆయన షెడ్డులో వెనీర్ అనే పల్చటి చెక్క పొరల మధ్య లారీ ట్యూబు పెట్టి కజామ్ మొదలుపెట్టాడు. నిన్న ఒకటి టప్పుమని పేలింది, పక్క షాపువాళ్ళు సిలిండర్ అనుకుని బయటికొచ్చారు. జిగురు తప్పని అమ్మ అంటుంది, గాలి తక్కువని ఆయన అంటాడు, నాకైతే అసలు

అదిగో అరుస్తున్నాడు, పంపు పట్టుకోవాలట, జిగురు ఆరిపోతోందట. పాప ఫొటోలు వాట్సాప్‌లో పెట్టా, ఒట్టి బొటనవేలు పెట్టి ఊరుకోకు. పోతున్నా.

నీ
బొంగరం