కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26 (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ)

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు నమస్కారాలు. రాని వారికి ఈ కాగితం వాట్సాప్‌లో వస్తుంది, కనీసం చదవండి. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ రాయడం లేదు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గ పని ఒకటుంది. కార్పొరేటర్‌గా నిలబడదలచిన అభ్యర్థిని పిలిచి ఇళ్లు, భద్రత, ఊరి పెరుగుదల మీద ఆయన ఏమంటారో రాయించుకుని సంతకం తీసుకున్నాం. 2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిల్‌కు ఐదేళ్లు నిండాయి కాబట్టి అడగడానికి ఇదే అదను. మామూలుగా అభ్యర్థి వస్తే శాలువా, దండ, ఉపన్యాసం, టీ. ఈసారి టీ మాత్రమే ఇచ్చాం. ప్రశ్నలు పది రోజుల ముందే పంపాం. ఒక్కో ప్రశ్న పక్కన ‘ఇది ఎవరి పని’ అనే గడి పెట్టాం: కార్పొరేషన్, జలవనరుల శాఖ, విద్యుత్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం. ఆ గడి లేకపోతే అన్నిటికీ ‘చేయిస్తాం’ అని లేచిపోతారు.

మన దగ్గర భద్రత అంటే ముందు బుడమేరు వాగే. కృష్ణలంకలో కట్టినట్టు ఇక్కడా గోడ కట్టిస్తానని అభ్యర్థి అన్నారు. కృష్ణలంక గోడ ఆపేది కృష్ణను. 2024 సెప్టెంబర్ 1న మన ఇళ్లలోకి వచ్చింది బుడమేరు. మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించిన నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలవాలి. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ నీటిని తీసుకోదు, వెనక్కి తంతుంది. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఇదంతా విని, గట్టు పని తన చేతిలో లేదని ఆయన ఒప్పుకుని గోడ మాట కొట్టేశారు. అందుకు మెచ్చుకోవాలి.

ఆయన చేతిలో ఉన్నది వీధి కాలువ. దాని మీద నాలుగు మాటలు రాయించాం. పూడిక మే నెలాఖరుకల్లా తీయాలి. తీసిన మట్టి ఆరడానికి గట్టున రెండు రోజులకు మించి ఉంచకూడదు. ట్రాక్టర్ రాకపోతే మొదటి వానకే అదంతా మళ్లీ కాలువలోకి జారుతుంది, బిల్లు మాత్రం పాసవుతుంది. రోడ్డు కింది తూముల్లోంచి అడ్డంగా పోయే కేబుళ్లు, నీళ్ల పైపులు తప్పించాలి; ప్లాస్టిక్ కవర్లు చిక్కుకునేది అక్కడే. నాలుగోది ముఖ్యం: పాత తారు గీకకుండా కొత్త పొర వేయకూడదు. పొర మీద పొర వేసి రోడ్డు లేస్తుంటే ఇంటి గడపే పల్లమవుతుంది. ఇది చాలాసార్లు మొరపెట్టుకున్నాం, ఇంజనీరు గారు కొలత టేపు కూడా తీయలేదు.

మీటరు బోర్డుల సంగతి మన చేతిలోదే. 2024లో గోడ మీద మిగిలిన నీటి గీతకు రెండడుగులు పైకి మార్చుకోవాలి. దరఖాస్తులు విడివిడిగా కాకుండా వీధికొకటిగా కలిపి పెడదాం. తడిసిన వైరింగ్‌ను మెగ్గర్‌తో (వైర్ల ఇన్సులేషన్ కొలిచే పరికరం) పరీక్షించాకే మెయిన్ వేయాలి.

ఇళ్ల విషయంలో అభ్యర్థి జక్కంపూడిలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టే అపార్ట్‌మెంట్ ఇళ్లన్నారు. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. అద్దె కట్టలేక నలిగేవారికి అదీ మేలే. అయితే తాళం చేతికిచ్చాక మెట్ల లైటు, మోటారు, సెప్టిక్ ట్యాంకు ఎవరు చూస్తారని అడిగితే జవాబు లేదు, ఆ గడి ఖాళీగానే ఉంది. ఇంటి పన్ను తగ్గిస్తానన్నారు. 2020 చట్ట సవరణ ప్రకారం నివాస గృహాలకు మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపిన విలువ) మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్య కౌన్సిల్ తేల్చాలి. ఏ రేటుకు ఓటేస్తారో రాయమంటే పెన్ను ఆగింది.

పెరుగుదల అంటే మెట్రో అట. తొలిదశ ప్రతిపాదనలో రెండు మార్గాలూ బస్టాండ్ నుంచే: ఒకటి ఏలూరు రోడ్డు మీదుగా గన్నవరానికి, రెండోది పెనమలూరుకు. మనకు ముందు కావలసింది ఫ్లైఓవర్ కింద నీళ్లు నిలవకపోవడం.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి, ఆడిట్ అయింది. బాకీ చందాదారుల పేర్లు ఈసారికి వేయలేదు.

కుర్చీలు ఇచ్చిన టెంట్‌హౌస్ వారికి, ప్రశ్నలు టైపు చేసిన డిగ్రీ విద్యార్థినులకు, వానలోనూ కాలువ కొలతలు తీసిన రిటైర్డ్ ఓవర్సీరు గారికి, టీ పెట్టిన మహిళా సభ్యులకు కృతజ్ఞతలు. పేర్లిచ్చి రాని వాలంటీర్లకు కూడా. మీ వాటా పని ఆ ఓవర్సీరు గారే చేశారు.

అభ్యర్థి సంతకం చేసిన కాగితం సంఘం గదిలో అంటించి ఉంది. మిగతా అభ్యర్థులకూ అదే కాగితం పంపాం. జవాబులు వచ్చినవి వచ్చినట్టే దాని పక్కన అంటిస్తాం.

కార్యదర్శి