వీపున బెండు పోయి ఇనుము వచ్చె

ఒరేయ్ బావా,

నెల రోజులకి జవాబు రాస్తున్నా, తిట్టుకోకు. కుడి భుజం పట్టేసింది. ఎందుకు పట్టేసిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

జంట సిలిండర్ల డైవింగ్, అంటే వీపున రెండు గాలి సిలిండర్లు కట్టుకుని నీళ్లలోకి దిగడం, మొదలుపెట్టానురా. ఫోన్లో చెప్తే "ఒకటి చాలదా, ఏం కక్కుర్తి?" అన్నావు కదా. పైపైన తిరిగొచ్చేవాడికి ఒకటి చాలు. అదే లోతుకెళ్లి ఎక్కువసేపు ఉంటే నైట్రోజన్ ఒంట్లో చేరుతుంది, అది పోయేదాకా దార్లో ఆగి ఆగి రావాలి. గాలి లీకైనా సరే, పైకి పరిగెత్తడానికి లేదు. అందుకని రెండు సిలిండర్లు, వాటి గాలిని నోటికి అందించే రెగ్యులేటర్లు రెండు. సిలిండర్లను కలుపుతూ మెడ వెనక అడ్డంగా ఒక గొట్టం, దాని మధ్యలో ఐసోలేటర్ అనే వాల్వు. కుడి రెగ్యులేటర్ లీకైతే కుడి వాల్వు కట్టేసి, ఎడమదానితో రెండు సిలిండర్ల గాలీ వాడుకోవచ్చు. గొట్టమే లీకైతే ఐసోలేటర్ మూస్తే సగమైనా దక్కుతుంది.

మేం నేర్చుకునేది ఇంగ్లండులో లెస్టర్ దగ్గర స్టోనీ కోవ్‌లో. పాత గ్రానైట్ క్వారీ, నీళ్లు నిండి 35 మీటర్ల దాకా లోతుంటుంది. లోపల డైవర్ల కోసం ముంచిన టగ్ పడవ ఉంది. నేనింకా దాని మొహం చూడలేదు, 6 మీటర్ల మెట్టు మీదే నా తిప్పలన్నీ.

మీ తాతయ్యగారి తోటలో నూతిలో వీపుకి బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నాం గుర్తుందా? ఇప్పుడు అదే వీపుకి 12 లీటర్ల స్టీలు సిలిండర్లు రెండు. మొత్తం సెట్టు దాదాపు 40 కిలోలు. ఒడ్డు మీద నడుస్తుంటే మోకాళ్లు ఏడుస్తాయి. నీళ్లలోకి దిగితే హాయి. వింతేంటంటే, 200 బార్ ఒత్తిడికి నింపితే లోపలి గాలి ఒక్కటే 6 కిలోల దాకా తూగుతుంది. పీల్చేకొద్దీ మనం తేలికైపోతాం.

అసలు కష్టం వాల్వులు. మూడూ తల వెనక ఉంటాయి. కదలకుండా, బోర్లా నిలకడగా తేలుతూ, ఒక్కోటీ మూసి తెరవాలి. నా చెయ్యేమో చెవి దాటి పోదు! వీపు దురదపెట్టినవాడిలా గింజుకుంటుంటే రెండు మీటర్లు కిందికి జారిపోయా.

పోయిన వారం ఇంకో ముచ్చట. పావుగంటైనా, ఎంత గాలి మిగిలిందో చూపే గేజి ముల్లు 220 నుంచి కదల్లేదు. ఎంత పొదుపుగా పీలుస్తున్నానో అని మురిసిపోతున్నా. గురువుగారు నా గేజి చూసి, వెనక్కొచ్చి ఏదో తిప్పాడు. బుస్సుమని శబ్దం, ముల్లు 140కి పడిపోయింది. సంగతేంటంటే, గాలి నింపినవాడు ఐసోలేటర్ మూసి ఉండగానే ఎడమ సిలిండర్ ఒక్కటే నింపాడు. గేజి ఎడమవైపు, నేను పీల్చేది కుడివైపు పాత గాలి. గురువుగారు ఐసోలేటర్ తెరవగానే రెండూ సమమయ్యాయి. నింపినవాణ్ణి తిట్టుకున్నాగానీ, దిగేముందు చేత్తో ఐసోలేటర్ తిప్పి చూడమని నాకు చెప్పే ఉన్నారు. చూసినట్టు నటించాను, చెయ్యి అందక.

మొన్న పట్టీలు కాస్త వదులు చేసి, ఎడమచేత్తో సిలిండర్ అడుగుని పైకి తోస్తే ఐసోలేటర్ వేళ్లకి తగిలింది. తగిలిందంతే, తిరగలేదు. రోజూ తువ్వాలుతో వీపు రుద్దుకున్నట్టు భుజం సాగదీస్తున్నా, మా ఆవిడ ఒకటే నవ్వు. శనివారం మళ్లీ పరీక్ష.

ఆ నుయ్యి ఇంకా ఉందా, పూడ్చేశారా? రాయి.

నీ బావ