గండికోటకు ముందు సున్నం, ఆ తర్వాతే దీపాలు

సంపాదకులకు నమస్కారం.

గండికోటను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దడానికి కేంద్రం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. జమ్మలమడుగు ప్రాంతానికి మంచి కబురే. అయితే కోటకు సందర్శకుల కన్నా, ఎండ కన్నా పెద్ద శత్రువు వాననీరు. ఆ నీటిని గోడలో బంధించేది సిమెంటు.

కోటలోని ధాన్యాగారం, జామియా మసీదు వంటివి సున్నంతో కట్టినవి. సున్నం చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. పగుళ్లలో సిమెంటు కూరితే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ పక్కనున్న ఇసుకరాయిలోంచి బయటికొస్తుంది. దాంతో పాటు వచ్చే సిమెంటులోని ఉప్పు రాయిని పెచ్చులుగా ఊడగొడుతుంది. సిమెంటు చెక్కుచెదరదు, దాని చుట్టూ రాయి అరిగిపోతుంది. సముద్రపొడ్డు కోటలకు ఈ ఉప్పు గాలిలో వస్తుంది. మనం సిమెంటు బస్తాలు కొని మరీ తెచ్చుకుంటున్నాం.

సున్నపురాయికి కొదవలేని ఎర్రగుంట్ల పక్కనే ఉండి, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నపు అడుసు) తెలిసిన మేస్త్రీల కోసం వెతుక్కోవాల్సి రావడం విచిత్రం. కాల్చిన సున్నాన్ని గుంతలో నీళ్లు పోసి కనీసం నెల మాగనివ్వాలి. తొందరపడితే మాగని పలుకులు గోడలో చేరాక ఉబ్బి పూతను పొక్కులుగా లేపుతాయి. ఒక పాలు సున్నం, ఒక పాలు బాగా కాలిన ఇటుక పొడి, రెండు పాళ్లు మట్టిలేని ఇసుక కలిపి గానుగలో నూరాలి. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారు నిజమే గానీ, సున్నం మాగకపోతే అవేవీ ఆదుకోవు. రాళ్ల మధ్య అతుకు వెడల్పుకు రెండింతల లోతున పాత సున్నం గీకి, తడిపి, కొత్తది కూరి, తడి గోనెపట్టాలు పది రోజులైనా కప్పి ఉంచాలి. ఏప్రిల్, మే ఎండల్లో చేస్తే పైన ఆరిపోయి లోపల పిండిగా మిగులుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువు.

వీటన్నిటికన్నా ముందు పైకప్పుల వాలు సరిచేసి, పూడిన తూములు తెరవాలి. గోడల్లో మొలిచిన రావి మొక్కల్ని పీకితే రాళ్లూ ఊడొస్తాయి. మొదలు నరికి, మోడులో రంధ్రం చేసి మందు పోసి, వేరు చచ్చాకే అతుకు నింపాలి.

పర్యాటకుల కోసం దీపాలు పెడితే, వాటి తీగల కోసం రాళ్లకు తూట్లు పొడవొద్దు, బిగింపులన్నీ సున్నపు అతుకుల్లోనే ఉండాలి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కాబట్టి వాహనాల నిలుపు, మరుగుదొడ్లు ఆ గీత బయటే. కోట లోపలి గ్రామస్థులను ముందే కూర్చోబెట్టి మాట్లాడాలి.

తమిళనాడులోని తరంగంబాడిలో 1620లో డేన్లు కట్టిన సముద్రపు కోట ఇప్పుడు మ్యూజియం. మన ధాన్యాగారం కప్పు కారడం ఆగితే, గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల చరిత్ర చెప్పే ప్రదర్శనశాలకు అంతకన్నా మంచి చోటు దొరకదు. టెండరు పత్రంలో సున్నం మాగిన రోజుల లెక్క రాసే పుస్తకం ఒకటి తప్పనిసరి చేయమని అధికారులను కోరుతున్నాం.

— కొందరు విశ్రాంత సివిల్ ఇంజినీర్లు, కడప