విద్యార్థుల వ్యాపారానికి హాజరు అడ్డు కాకూడదు

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌లో 2015లో టీ-హబ్ వచ్చింది. అమరావతిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే ఈ కేంద్రాలు రెండూ కావలసినవే. అయితే సొంతంగా ఏదైనా పెట్టాలా, ఉద్యోగం చూసుకోవాలా అన్నది మన పిల్లలు అక్కడిదాకా వెళ్లకముందే, ఇంట్లోనూ తరగతిలోనూ తేల్చేసుకుంటున్నారు. డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతూ రోజూ చూస్తున్నాను.

ఎంట్రప్రెన్యూర్‌షిప్, అంటే సొంత వ్యాపారం పెట్టి నడపడం, మాకు ఒక పేపరు. నిర్వచనాలు బట్టీ పట్టి రాస్తే మార్కులు పడతాయి, బిల్లు పుస్తకం ముట్టుకోనక్కర్లేదు. బీకాం ఆఖరి ఏడాది అమ్మాయి ఒకరు వాళ్లమ్మతో కలిసి కారప్పొడులు, పచ్చళ్లు అమ్ముతోంది. ఆహార పదార్థాలు అమ్మడానికి కావలసిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తనే ఆన్‌లైన్‌లో చేసుకుంది. ఎండుమిర్చి ధర పెరిగితే పావుకిలో ప్యాకెట్ మీద ఎంత పెంచాలో నోటిలెక్కన చెబుతుంది. పండగ ఆర్డర్ల మూలంగా హాజరు 75 శాతం లోపుకు పడిపోయి కండొనేషన్ ఫీజు (హాజరు తక్కువైనా మన్నించి పరీక్ష రాయనిచ్చేందుకు కట్టేది) కట్టింది. తన వ్యాపారానికి మా పేపర్లో ఒక్క మార్కు లేదు. తోటి పిల్లలు ఇదంతా చూస్తూనే ఉన్నారు.

కేంద్ర మానవ వనరుల శాఖ 2019లో తెచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం ప్రకారం స్టార్టప్ నడిపే విద్యార్థిని హాజరు తగ్గినా అనుమతితో పరీక్ష రాయనివ్వవచ్చు. సెమిస్టరో ఏడాదో విరామం కూడా ఇవ్వవచ్చు. ఈ సంగతి ఎన్ని కళాశాలల నోటీసు బోర్డుకెక్కింది?

ఇక ఇంటి సంగతి. చదువు రుణం వాయిదాలు సాధారణంగా కోర్సు అయిన ఏడాదికి మొదలవుతాయి. అప్పు చేసి చదివించిన తండ్రి "ముందు ఉద్యోగం చూసుకో నాన్నా" అంటే తప్పు పట్టలేం. కొట్టున్న ఇంటి పిల్లలు తేలిగ్గా వ్యాపారంలోకి దిగుతారు. నష్టం రావడం, తేరుకోవడం రెండూ వాళ్లు ఇంట్లోనే చూసి ఉంటారు. మిగతావాళ్లకు అది చూపించాల్సింది మేమే. పిల్లల్లో తెగువ లేదని వేదికలెక్కి అనేవాళ్ల మాట వింటే బాధేస్తుంది.

రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు 2019 విధానాన్ని తమ నిబంధనల్లో చేర్చి, దరఖాస్తు ఎవరికివ్వాలో అనుబంధ కళాశాలలకు సర్క్యులర్ పంపాలి. పేపర్లో సగం మార్కులు చిన్న మొత్తంతోనైనా సరుకు కొని, అమ్మి, జమాఖర్చులు చూపినందుకు కేటాయించాలి. నష్టం వచ్చినా, ఎందుకొచ్చిందో చెప్పగలిగితే మార్కులు వేయాలి. తల్లిదండ్రుల సమావేశానికి బ్యాంకు అధికారిని పిలిచి, చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర రుణానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదని ఆయన నోటే చెప్పించాలి. వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలకు ముందే ఆ సర్క్యులర్ రావాలని కోరుతున్నాను.

– ఒక కామర్స్ అధ్యాపకురాలు, తెనాలి